ముందు గేటు ఎరగని గంగారాం

గంగారాం ఎక్కడికి వెళ్లినా వెనక గేటు నుంచే వెళతాడు. గుడికైనా, ఆసుపత్రికైనా, పెళ్లికైనా, చావుకైనా అంతే. ముందు గేటు బార్లా తెరిచి, తివాచీ పరిచి, ఇద్దరు నిలబడి దండం పెట్టి రమ్మన్నా సరే, ఆ మహానుభావుడు గోడ పట్టుకుని చుట్టూ తిరిగి, చెత్తకుండీ దాటి, జనరేటర్ పక్కనుంచి దూరి లోపల తేలాల్సిందే. అలాంటివాణ్ని కట్టుకున్న పాపానికి కనకవ్వ ముప్పై ఏళ్లుగా లోకంలోని గడపలన్నీ ఒంటరిగా దాటుతోంది.

పెళ్లినాడే బయటపడింది ఈ గుణం. సిరిసిల్లలో పందిరి ముందు ముత్తైదువలు హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. కర్పూరం ఆరిపోయింది, సన్నాయి ఊదేవాడికి దమ్ము అయిపోయింది, పెళ్లికొడుకు జాడ లేదు. వెతగ్గా వెతగ్గా వంటల దగ్గర, గాడిపొయ్యి పక్కన, నుదుట బాసికంతో కూర్చుని కనిపించాడు.

"గీడెందుకున్నవయ్యా?" అని మామ నెత్తి కొట్టుకున్నాడు.

"బియ్యం బస్తాలు ఇటుకెళ్లే వచ్చినయి గద మామా. నేను గూడ ఇటుకెళ్లే వచ్చిన."

ఈ పిచ్చి అంటించింది సూరత్. పదహారో ఏట రైలు దిగినప్పటి నుంచీ రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో పార్సిల్ మూటలు చేరవేయడమే అతని పని. సేఠులు వచ్చే వైపు పాలరాతి మెట్లు, అద్దాల తలుపులు. చీరల మూటలు వచ్చే వైపు ఏటవాలు దారి, మంచం పట్టేంత లిఫ్టు. క్వింటాలు మూటను తోపుడుబండి మీద పెట్టి, ఊయల ఊపినట్టు తోసుకుంటూ నాలుగో అంతస్తుకు చేర్చేవాడు. రాత్రి డిండోలి బస్తీలోని అద్దె గదిలో అన్నం ముందు కూర్చుని వేదాంతం చెప్పేవాడు.

"ముందటి గేటు మొఖం సూస్తదే. ఎన్క గేటు పని సూస్తది."

"నీ మొఖానికి ఎన్క గేటే ఎక్కువ. తిను" అనేది కనకవ్వ.

పెళ్లిళ్లకు పిలిస్తే ఆమె పరువు గంగలో కలిసేది. పట్టుచీర కట్టుకుని గేటు దగ్గర దిగీ దిగగానే ఎవరో ఒకరు అడగనే అడుగుతారు.

"అన్న రాలేదా వదినా?"

"వచ్చిండు. తొవ్వల ఉన్నడు."

"గేటు గీడనే ఉంది గద?"

"మనుషులకు గీడ ఉంది."

ఒకసారి భేస్తాన్‌లో పెళ్లికి వెళితే, వెనకనుంచి వచ్చినవాణ్ని వడ్డనవాడనుకుని చేతికి సాంబారు బకెట్టు ఇచ్చారు. కాదనడం మర్యాద కాదనుకున్నాడేమో, రెండు బంతులు వడ్డించాడు. కనకవ్వ విస్తరి దగ్గరికి కూడా వచ్చి, ముక్కూ మొహం తెలియనివాడిలా, "జర ఎయ్యాల్నా అమ్మా?" అని అడిగాడు. ఆ పెళ్లి ఆల్బంలో కనకవ్వ పక్కన ఖాళీ కుర్చీ ఉంటుంది. దాని వెనక బకెట్టుతో గంగారాం ఉంటాడు.

అలాంటి మనిషి మీదికి కరోనా వచ్చింది. రోగం రాలేదు, రూలు వచ్చింది. ఎక్కడ చూసినా మిగతా గేట్లన్నిటికీ తాళాలు వేసి, ముందు గేటు ఒక్కటే తెరిచి, అక్కడొకడు తుపాకీలాంటిది నుదుటికి గురిపెట్టి జ్వరం చూడటం మొదలైంది. మగ్గాలు ఆగిపోయి, మార్కెట్టు మూతపడి, వీధిలో సగం జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు నడిచి పోతుంటే ఈయన దిగులు ఈయనది.

"అన్నిటికి తాళాలేసిండ్రే. గిట్లయితే ఎట్ల బతుకుడు?"

"డబ్బాల బియ్యం లేవంటే రాని ఏడ్పు, తాళాన్ని సూస్తే వచ్చిందా నీకు?"

టీకా వేసే రోజు కనకవ్వ బడి ముందు ఎండలో మూడు గంటలు వరుసలో నిలబడింది. చివరికి లోపల అడుగుపెట్టేసరికి గంగారాం బల్ల మీద కూర్చుని, జబ్బకు దూది అదుముకుని, చల్లగా మజ్జిగ తాగుతున్నాడు.

"నువ్వెట్ల వచ్చినవ్?"

"మందు ఏ గేట్లకెళ్లి వచ్చిందో నేను గా గేట్లకెళ్లే వచ్చిన. ఐసు పెట్టె బరువున్నదని నర్సమ్మ జర పట్టుమన్నది."

కనకవ్వకు సూది నొప్పి తెలియలేదు. కడుపుమంట అంతకన్నా పెద్దది.

తోటలూ, చూసే చోట్లూ మళ్లీ తెరిచాక కొత్త వేషం కట్టాడు. ఆదివారం వస్తే చాలు, తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక్కడే ఊరు చూడ్డానికి పోవడం. ముప్పై ఏళ్లలో పెళ్లానికి సముద్రం చూపించినవాడు కాదు.

"ఏడికి పోయినవ్?"

"డుమస్ పోయిన."

"సముద్రం మంచిగున్నదా?"

"సముద్రం సూడలే. కుల్ఫీ బండ్లు దిగే తొవ్వ సూసిన. ఇసుక గట్టిగుంది."

మరో వారం తోటకు పోయి వచ్చాడు. పూలెలా ఉన్నాయంటే తెలియదన్నాడు. పూలకుండీల బండి పోయే గేటు మాత్రం మంచి వెడల్పుగా ఉందన్నాడు. పక్కింటామె ఊరుకుంటుందా? "ఎన్క గేటు కాడ ఎవతన్న ఉన్నదేమో సూసుకో అక్కా" అని ఓ నిప్పురవ్వ విసిరి పోయింది. ఆ ఆదివారం నుంచీ కనకవ్వ అతనికి అన్నం పెట్టేటప్పుడు గరిటె చప్పుడు రెండిళ్ల అవతలికి వినిపించేది.

కరోనా రెండో ఏడు దీపావళి దాటాక కనకవ్వ చెల్లెలి కూతురు ఇందుజ సిరిసిల్ల నుంచి వచ్చింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి కాళ్లు పడిపోయాయి, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. నోటికి మాత్రం ఏ జ్వరమూ తగల్లేదు, అచ్చం పెద్దమ్మ పోలిక. కంప్యూటర్ మీద చీరల అంచులు గీయడం ఆమె పని. సూరత్‌లో ఏదో ట్రస్టువాళ్లు నడిపే జరీ ఘర్ అనే పాత చీరల మ్యూజియంలో రెండు వందల ఏళ్ల నాటి అంచు ఒకటి ఉంది. ఫొటో తియ్యనివ్వరు, ఎదురుగా కూర్చుని గీసుకుంటే కాదనరు. అది గీసుకొస్తే ఆమె పేరుమీదే చీరలు నేయిస్తామని సిరిసిల్లలో ఒకరు మాటిచ్చారు. ఉన్నది ఒక్కరోజు. జరీ ఘర్ అయిదింటికి మూస్తారు, తిరుగు రైలు ఏడింటికి.

"ఒక్కటే మాట పెద్దమ్మా. నన్ను ఎత్తనియ్యకు. ఎవ్వలెత్తినా కరుస్త" అంది ఇందుజ ఆటోలోకి చేతుల బలంతో తనే జరిగి కూర్చుంటూ. "పోయినసారి ఓ ఆఫీసుల నలుగురు ఎత్తిండ్రు. ఒకడు చెయ్యి, ఒకడు కాలు. దించినంక పుణ్యమొచ్చిందని వాళ్లు నవ్వుకున్నరు. నా చున్నీ ఏడ పడ్డదో నేను ఎతుక్కున్న."

దారిలో సూరత్ వాళ్ల శనగపిండి పలహారం లోచో తిందామని ఆగారు. కొట్టుకు రెండు మెట్లు. ప్లేటు రోడ్డు మీదికే తెచ్చిచ్చారు. వేడి వేడి లోచో నోట్లో పెట్టుకునేలోపు దారినపోయే ఓ తల్లి ఇందుజ ఒళ్లో పది రూపాయల బిళ్ల వేసి, కళ్లకద్దుకుని పోయింది.

"పెద్దమ్మా, సాయంత్రం దాకా గీడనే కూసుందామా? రైలు చార్జీలు ఎల్తయి."

కనకవ్వ ఆ బిళ్ల పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తి, ఆ తల్లి చేతిలో కుక్కి వచ్చింది. "మా పిల్ల నీకంటె ఎక్కువ సంపాయిస్తది!" అని తెలుగులోనే అరిచింది. ఆ తల్లికి భాష తెలియకపోయినా భావం అందింది.

జరీ ఘర్ చేరేసరికి మూడయింది. ముందు అయిదు మెట్లు. అయిదే. నున్నటి పాలరాయి, అద్దంలా మెరుస్తోంది. ఆటో దిగి వెనక్కి చూస్తే, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చిన గంగారాం లేడు.

కాపలావాడు మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "చార్ ఆద్మీ బులాతా హూ మాజీ, ఉఠా లేంగే!" అన్నాడు, అదేదో వరమిస్తున్నట్టు.

"ఉఠా లేంగే క్యా! యే క్యా బోరీ హై?" కనకవ్వ గుడ్లురిమింది. బస్తాలా ఎత్తుతానంటే ఊరుకునే మనిషా?

ఇందుజ మెట్లను ఒకసారి కిందినుంచి పైకి చూసి, సంచిలోంచి కాగితాలు తీసి ఆమెకు అందించింది. "నువ్వు పోయి సూసి రా పెద్దమ్మా. ఎట్లున్నదో చెప్పు, గీసుకుంట."

"నాకు గంత చెప్పుడొస్తే ఉధ్నా మగ్గాల కాడ బాబిన్లు చుట్టుకుంట ఎందుకుంటనే?"

నవ్వుతుందనుకుంది. పిల్ల నవ్వలేదు, తల తిప్పుకుంది. మూడు వందల కోసుల దూరం నుంచి వచ్చి అయిదు మెట్ల కింద ఆగిపోయిన పిల్ల మొహం చూడలేక కనకవ్వ మండిపోతుంటే, గోడ మలుపులో గంగారాం ప్రత్యక్షమయ్యాడు. వెంట ఓ ముసలి వాచ్‌మన్. గంగారాం మొహం వాడిన వంకాయలా ఉంది.

"ఎన్క గేటుకు తాళమేసిండ్రే. పోయిన ఆదివారం దాకా ఉండె..."

"నీ గేట్ల మీద మన్నువొయ్య! పిల్ల నడిబజార్ల నిలబడ్డది, ఇప్పుడు గూడ నీకు గేట్లేనా?"

ముసలాయన కనకవ్వను పట్టించుకోలేదు. చక్రాల కుర్చీ దగ్గరికి వచ్చి, పండుగ చందమామను చూసినట్టు చూశాడు. "ఇందుజా బెహన్? యహీ హై?"

ఆయన పేరు రమణ్‌భాయ్, వెనక గేటు కాపలా. ఇందుజ పేరు ఈయనకెలా తెలుసని కనకవ్వ నిలదీస్తే, ఆయన సగం గుజరాతీ, సగం హిందీలో ఏకరువు పెట్టాడు. ఆరు నెలలుగా ఈ మనిషి వచ్చి పోతున్నాడట. జేబులోంచి ముడివేసిన సుతిలి తాడు తీసి గేటు కొలుస్తాడట, లిఫ్టు కొలుస్తాడట, ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపు కొలవబోయి ఒకసారి తన్నులు తినబోయాడట. ఎందుకంటే, మా ఇందుజ వస్తుంది, ఆమె కుర్చీ ఇంత వెడల్పు అంటాడట. తలుపు ఇరుకైతే తిట్టిపోస్తాడట, కుర్చీ పట్టేలా ఉంటే చాయ్ తాగిస్తాడట.

గంగారాం సుతిలిని గుప్పిట్లో దాచుకుని, దొంగలా నిలబడ్డాడు. "ఫోన్‌ల అడిగిన గద బిడ్డా, నీ కుర్చీ ఎంత అని. సూరత్ మొత్తం సూసిపెట్టిన. నీకు పట్టే గేట్లు పదకొండు ఉండె. మందికి జ్వరం సూడాల్నని అండ్ల ఏడు గేట్లకు తాళాలేసిండ్రు."

కుల్ఫీ బండ్ల దారీ, పూలకుండీల గేటూ ఎందుకో కనకవ్వకు అప్పుడర్థమైంది. ఏదో అనబోయింది. మాస్కు కళ్లదాకా లాక్కుంది.

కానీ ఇందుజ ఊరుకోలేదు. "గింత తిరిగినవ్ గానీ పెద్దబాపూ, బడికి ఎన్కకెళ్లే పోయిన. బ్యాంకుకు ఎన్కకెళ్లే పోయిన. ఇంకెన్ని దినాలు? నేనేమన్న సరుకునా?"

"సరుకువైతే నిన్నెవ్వడు ఆపుతడు బిడ్డా?" గంగారాం గొంతు మొదటిసారి లేచింది. "సరుకుకు లిఫ్టున్నది, తొవ్వున్నది. చిట్టీ సూపిస్తె ఇప్పుడే తాళం గూడ తీస్తరు. మనిషివి గావట్టే ఆపిండ్రు!"

ముప్పై ఏళ్లుగా మొగుడి మీద మగ్గబెట్టుకున్న కోపమంతా కనకవ్వకు ఒక్కసారిగా ఆ మెట్ల మీదికి చోటు మార్చుకుంది. ఆమె అరుపులకు లోపలినుంచి మేనేజరమ్మ పరుగెత్తుకొచ్చింది, మొహానికి ప్లాస్టిక్ అద్దం తగిలించుకుని. కనకవ్వ తన డిండోలి హిందీ అంతా కూడగట్టుకుంది.

"కరోనా రూలు అందరికీ ఒకటేనమ్మా. ముందు గేటు నుంచే రావాలి" అంది మేనేజరమ్మ.

"మంచిది. తెరువు మరి."

"తెరిచే ఉంది కదా?"

"అయిదు మెట్ల మీద తెరిచినవ్! కింద తెరువు!"

మేనేజరమ్మ వంగి మెట్లు లెక్కపెట్టింది. ఆ సందులో చూస్తే గంగారాం మళ్లీ మాయం. "మళ్ల పోయిండు సూడు, మళ్ల పోయిండు!" అని కనకవ్వ నెత్తి కొట్టుకునేలోపే, రమణ్‌భాయ్ ఒక కొస, తనొక కొస భుజాన వేసుకుని, లారీల నుంచి మూటలు దింపే పొడవాటి చెక్క పలకలు రెండు మోసుకొచ్చాడు గంగారాం. పాలరాయి గీసుకుపోకుండా కింద గోనెపట్టా పరిచాడు. సుతిలితో కొలిచి, చక్రానికో పలక సరిపోయేట్టు జరిపాడు.

"అవి సామాను పలకలు! ముందు పెట్టకూడదు!"

"రూలు గేటుకున్నది మేడం. పలకకు లేదు" అని మార్కెట్ హిందీలో ఒక్క ముక్క చెప్పి, కుర్చీ వెనక్కి పోయాడు. "చక్రం మీద చెయ్యి నీదే బిడ్డా. ఎన్కకు జారకుండ నేను ఆనుకుంట. ఎత్తను."

ఇందుజ చున్నీ నడుముకు చుట్టుకుంది. పళ్లు బిగించి తోసింది. పలక కిర్రుమంది. సగంలో ఆయాసపడి ఆగితే కాపలావాడు జాలిగా చెయ్యి చాపాడు. ఆమె ఒక చూపు చూసింది. చెయ్యి జేబులోకి పోయింది. ఇంకో తోపు, మరో తోపు. పైకెక్కి, టికెట్ల బల్ల దగ్గర తన టికెట్టు తను కొనుక్కుని, అంచు ఎటువైపుందో అడిగి, వెనక్కి చూడకుండా చక్రాలు తిప్పుకుంటూ పోయింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. ఇంకా గంట ఉంది.

కుర్చీ పోయాక చూసుకుంటే గంగారాం ముందు గేట్లో నిలబడి ఉన్నాడు. తిరునాళ్లలో తప్పిపోయిన దూడలా నాలుగు వైపులా చూశాడు. కాపలావాడు నుదుటికి తుపాకీ పెట్టగానే రెండు చేతులూ పైకెత్తాడు.

"టికెట్?" అన్నాడు కాపలావాడు.

"దేనికి?"

"అందర్ జానే కా."

గంగారాం టికెట్ల బల్ల ముందు డబ్బులు తీస్తున్నవాళ్లను చూశాడు. కనకవ్వ వైపు తిరిగి, లోకం చేసిన మోసం ఇప్పుడే బయటపడ్డట్టు అడిగాడు.

"ఏమే, మీరంత ఇన్నేండ్ల సంది పైసలిచ్చి లోపటికి పోతున్నరా?"