మెంటన్‌లో ఆషాఢ పౌర్ణమి

పోయిన ఆదివారం మా అమ్మాయి కూతురు సిడ్నీ వెస్ట్‌మీడ్‌లోని మా ఫ్లాటుకి వచ్చి, సోఫాలో నా పక్కన చేరి, యూనివర్సిటీ సెలవుల్లో స్నేహితురాళ్ళతో తిరిగొచ్చిన ఊళ్ళ ఫొటోలు ఫోనులో ఒక్కొక్కటే జరుపుతూ చూపించింది. కొండమీదికి ఒకదానిపైన ఒకటి ఎక్కినట్టున్న పసుపు రంగు పాత ఇళ్ళు, వాటి మధ్య చర్చి గంటగోపురం, కింద గులకరాళ్ళ తీరం, నీలంగా సముద్రం కనబడేసరికి దాని వేలు పట్టుకుని ఆ ఫొటో దగ్గర ఆపాను. "దిస్ ఈజ్ మెంటన్ అమ్మమ్మా, ఫ్రాన్సులో, మొనాకో పక్కనే. హావ్ యూ బీన్?" అంది. వెళ్ళామని మాత్రం చెప్పి, టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. దానికి చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను. అత్తగారితో కాపురం చేసిన నా ఈడువాళ్ళకి పెద్దగా వివరించక్కర్లేదనుకుంటాను.

ముప్ఫై అయిదేళ్ళ పైమాటే. మావారు ఆసుపత్రిలో డాక్టరు, నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. ఆ జూలైలో మొనాకోలో డాక్టర్ల సదస్సు ఒకటి వచ్చింది. అప్పటికి చిన్నపిల్లయిన మా అమ్మాయికి స్కూలు సెలవులు కూడా కలిసివచ్చాయి కదా అని, దాన్నీ, మా అత్తగారినీ వెంటబెట్టుకుని అందరం బయల్దేరాం. మొనాకోలో గది అద్దె వింటేనే కళ్ళు తిరిగాయి కాబట్టి, రైల్లో పది నిమిషాల దూరంలో ఉన్న మెంటన్‌లో, పాత ఊరి సందులో రెండు గదులు తీసుకున్నాం. ఎన్నో వందల ఏళ్ళ నాటి ఊరది. సందులన్నీ మెట్లే, ఏ ఇంటి గోడ చూసినా పైనుంచి నిమ్మకొమ్మ వంగి ఉండేది, సాయంత్రమైతే ముసలివాళ్ళు గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. అంత చక్కటి ఊళ్ళో ఉండి కూడా నా మనసంతా పక్కనున్న కలవారి ఊరి మీదే ఉండేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. నాకు మొదట్నుంచీ ఉన్న జబ్బే అది.

అత్తగారిది బందరు దగ్గర పల్లెటూరు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం, ఈ నాలుగు నెలల పౌర్ణమికీ మామగారితో కలిసి సముద్రస్నానం చెయ్యడం ఆవిడకి అలవాటు. పురుళ్ళకీ, మైలకీ తప్ప మానలేదట. తక్కిన రోజుల్లో సముద్రాన్ని ముట్టుకోకూడదన్నది ఎంత పట్టింపంటే, మెంటన్‌లో రోజూ సాయంత్రం ఒడ్డున బెంచీమీద గంటలతరబడి కూర్చున్నా కాలి వేలు కూడా తడవనిచ్చేవారు కాదు. మామగారు పోయాక ఆవిడ మా దగ్గరికి సిడ్నీ వచ్చేశారు. ఆ ఏడాదంతా సముద్రస్నానాలు మానేశారు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి పౌర్ణమి, మేము మెంటన్‌లో ఉండగా పడిన ఆ ఆషాఢ పౌర్ణమే. దానికోసం ఒక పాత నేతచీర పెట్టెలో అడుగున పెట్టి తెచ్చుకున్నారు. అలల్లో మామగారు తన చెయ్యి పట్టుకునేవారని, ఈసారి నువ్వు పట్టుకోవాలమ్మాయ్ అని విమానంలోనే నాతో అన్నారు.

గురువారం సాయంత్రం ఆ బెంచీమీదే ఆవిడ అడిగారు. "క్యాలెండర్ చూశావుటమ్మా? పున్నమి రేపేనా?"

సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ గుడిలో ఇచ్చిన క్యాలెండర్ కాగితం నా చేతిసంచీలోనే ఉంది. శుక్రవారం అని స్పష్టంగా ఉంది. కానీ శుక్రవారం మొనాకోలో డాక్టర్ల కుటుంబాలకి విందు. పది గంటలకి పడవలో షికారు, తర్వాత రేవు కనబడే ఒక మేడలో భోజనాలు. ఆవిణ్ణి ఆ గులకరాళ్ళ మీద నడిపించి, స్నానం చేయించి, గదికి తెచ్చి, మళ్ళీ మంచినీళ్ళ స్నానం, మడికట్టుకుని చిన్న కుక్కర్లో ఆవిడ చేసుకునే వంట, ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. నేను కట్టుకుందామని తెచ్చుకున్న కంచిపట్టు చీర అప్పటికే ఇస్త్రీ చేయించి తగిలించి ఉంది.

"సిడ్నీ మనకంటే ముందు కదా అత్తయ్యగారూ, అక్కడ శుక్రవారమైతే ఇక్కడికి వచ్చేసరికి శనివారం అవుతుంది" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు. అక్కడి గడియారం ముందుందంటే తిథి ఇక్కడ అదే రోజునో, ఇంకా ముందురోజునో వస్తుంది తప్ప మర్నాటికి పోదు. వారం వారం ఇండియాకి ఫోన్లు చేస్తూ గంటలు లెక్కపెట్టుకునే మనిషిని, ఆ మాత్రం తెలియకపోవడమేమిటి? ఒక్కరోజు తేడాతో ఏం మునిగిపోయింది, నీళ్ళు అవేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చదువుకున్న కోడలు చెప్పింది కదా అని ఆవిడ తలూపారు.

విందు గురించి చెప్పుకోడానికేమీ లేదు. మావారి స్నేహితుల భార్యలు పడవల ధరల గురించీ, ఎవరి మేడ ఏదన్న దాని గురించీ మాట్లాడుకున్నారు. నా చీరకేసి చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అది కూడా ఇందులో నడవడం కష్టం కాదా అని అడగడానికి. తిరిగి వచ్చేసరికి బాగా సాయంత్రమైంది. అత్తగారు బెంచీమీదే ఉన్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్న కాసేపటికి, మసక చీకట్లో, సముద్రం మీద చంద్రుడు నిండుగా, అంచు ఎక్కడా తరగకుండా లేచాడు. డెబ్భై ఏళ్ళుగా చంద్రుణ్ణి చూస్తున్న మనిషికి క్యాలెండరెందుకు? ఆవిడ చాలాసేపు అటే చూశారు. నేను మాత్రం పిల్ల బూట్లు విప్పుతున్నట్టు తలవంచుకుని కూర్చున్నాను.

శనివారం తెల్లవారుజామునే లేచి తువ్వాలు పట్టుకుని ఆవిడ గదికి వెళ్ళాను. అప్పటికే మామూలు చీర కట్టేసుకుని పెట్టె సర్దుతున్నారు. నేతచీర మళ్ళీ అడుక్కి చేరిపోయింది.

"ఇవాళ పాడ్యమి అమ్మాయ్. వట్టిరోజున సముద్రాన్ని ముట్టుకోకూడదు" అన్నారు. నేనేదో నసిగేలోపే, "పోనీలే, దేశంకాని దేశంలో లెక్కలు ఎవరికి తెలుస్తాయి" అని నాకు కావలసిన సాకు ఆవిడే అందించారు. నేను దాన్ని తీసేసుకున్నాను. సంగతి తెలిసి మావారు గుడి క్యాలెండరువాళ్ళని తిట్టుకుంటూంటే అదీ వింటూ ఊరుకున్నాను.

ఆ కార్తీకానికి సిడ్నీలో సముద్రానికి తీసుకెళ్తామంటే మోకాళ్ళు నొప్పులన్నారు. మాఘంలోనూ అంతే. తర్వాత మేము అడగడం మానేశాం. ఆవిడ ఇంకో తొమ్మిదేళ్ళున్నారు కానీ మళ్ళీ సముద్రంలో దిగలేదు. అన్నేళ్ళలో నిజం చెప్పడానికి నాకు ఎన్ని రోజులు దొరికాయో లెక్కలేదు. రేపు చెబుదాం, మంచం మీద ఉన్నారు కదా ఇప్పుడెందుకు, అనుకుంటూనే కాలం గడిపేశాను.

చివరి నెలలో ఒక పొద్దున్న ఆవిడ నన్ను పిలిచి ఇవాళ ఏం తిథి అని అడిగారు. నేను గబగబా గోడ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు చూస్తూంటే, "ఎందుకమ్మా అంత చూడ్డం, నువ్వు చెబితే చాలదూ" అన్నారు. దెప్పారో, క్షమించారో, వట్టినే అన్నారో నాకిప్పటికీ తెలియదు. ఏకాదశి అని చెప్పాను. నిజంగానే ఏకాదశి.

ఇప్పుడు ప్రపంచంలో ఏ ఊరి తిథి ఆ ఊరికి, నిమిషాలతో సహా ఫోనే చెప్పేస్తోంది. ఏ కోడలూ ఏ అత్తగారికీ ఇలాంటి అబద్ధం చెప్పే వీలు లేదు, అందుకు సంతోషమే. కానీ పెద్దవాళ్ళు మన మాటే నమ్ముకుని ఒక పున్నమినే వదులుకునే కాలం కూడా దానితోపాటే వెళ్ళిపోయింది. ఇవాళ ఏం తిథి అని నన్ను నమ్మి అడిగేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు.