బావిలో నుంచి వారానికొక మాట

అరవైల మొదట్లో వజ్రకరూరుకు ఐదుమైళ్ల అవతల ఒక చిన్న ఊళ్లో నేను పోస్టుమాస్టరుగా ఉన్నాను. పోస్టాఫీసంటే మా ఇంటి వసారానే. ఒక బల్ల, ఒక చిన్న తక్కెడ, ముద్రలు, గోడకు ఎర్రడబ్బా. టపా సంచీ పదకొండుకు వచ్చేది. పన్నెండుకంతా పని అయిపోయేది. ఆ తర్వాత మూడు గంటలు ఎండకు భయపడి వీధిలోకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ మూడు గంటల్లోనే కథలు రాసుకునేవాణ్ణి.

రెండేండ్లుగా వానల్లేవు. విత్తనానికని దాచుకున్న వేరుశెనగ, మా దిక్కు చెనిక్కాయలంటాం, అది కూడా తినేసినారు జనం. ఆ కరువులోనే మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికకు చిన్న నవల ఒకటి రాసి పంపినాను. ఐదు వారాలు వేస్తామని జాబు వచ్చింది. ఆ జాబుకు ముద్ర నేనే వేసుకున్నాను.

నవలలో సంగతి ఇది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే మనిషి ఒకడు, తొలకరి వాన పడినాక వజ్రాలు ఏరుకోవడానికి పోయి తిరిగి రాడు. ఆ ఊరి ఆసామి చేలో ఎండిపోయిన బావి ఒకటుంటుంది. అందులో రాయి వేస్తే చప్పుడు అప్పుడు రాదు. మర్నాడు అదే వేళకు వస్తుంది. కళాయి మనిషి పెండ్లాం ఒకరోజు ఆ బావిలోకి వంగి మొగుణ్ణి పిలుస్తుంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం జవాబు వస్తుంది. ఒకే ఒక మాట. మిగతా మాటలకు వారం వారం కాచుకోవాలి. మూడో భాగంలో "నేను" అని వినిపిస్తుంది. నాలుగో భాగంలో "ఈడనే". ఐదో భాగంలో ఆమె బావిలోకి దిగుతుంది, ఎముకలు దొరుకుతాయి, "ఉండాను" అనే చివరి మాట వినపడుతుంది.

దాచడమెందుకు, కళాయి వేసే మనిషి మా ఊళ్లో నిజంగానే ఉండేవాడు. సాయిబుల ఇల్లు, మా వీధి చివర. మూడేండ్ల కిందట వాన పడిన మర్నాడు వజ్రకరూరు చేలల్లో రాళ్లు ఏరుతానని పోయినాడు. తిరిగి రాలేదు. అతని పెండ్లాం రోజూ టపా వేళకు వచ్చి వసారా అంచున నిలబడేది.

"జాబేమన్నా వచ్చిందా అన్నా?"

"రాలేదమ్మా."

ఈ రెండు మాటలే మూడేండ్లుగా మా ఇద్దరి మధ్య. ఆ నిలబడడంలోనుంచే నా నవల పుట్టింది. ఆమెను అడగలేదు. ఆమెకు చదువు రాదు కదా, ఆ పత్రిక తెప్పించేది బళ్లో ఐవారు ఒక్కడే కదా అనుకున్నాను. ఐవారు దాన్ని వారం వారం బడి అరుగు మీద పదిమందికీ చదివి వినిపిస్తాడని మాత్రం అనుకోలేదు. మారుపేరు పెట్టుకున్నా రాసింది నేనేనని ఊరంతటికీ తెలుసు. మద్రాసు కవర్లు వస్తూ ఉండేది నా ఒక్కడికే.

మూడో భాగం వచ్చిన మర్నాడు, ఎవరూ బయటికి రాని ఆ ఎండవేళ, పదిహేనుమంది మా ఊరి ఆసామి చేను దిక్కు పోతా కనిపించినారు. కతలో బావికి నేను తీసుకున్నది ఆయన చేలో ఉండే ఎండిన బావినే. నేనూ పోయినాను. నిజం బావి చుట్టూ నిలబడి రాళ్లు వేస్తున్నారు. వేసి చెవులు పెట్టి వింటున్నారు. రాయి పడిన చప్పుడు అప్పుడే వినపడింది. అయినా ఎవరూ కదల్లేదు. కళాయి మనిషి పెండ్లాం అంచున కూర్చొని లోపలికి చూస్తావుంది.

మర్నాడు వసారాకు వచ్చినప్పుడు జాబు సంగతి అడగలేదు.

"అన్నా, బావిలోనుంచి 'నేను' అన్నాడంట. తర్వాత ఏమన్నాడు?"

"అది కతమ్మా. నేను అల్లినాను."

"ఆయన కొలిమి, తోలుతిత్తి, బొటనవేలి మీద కాలిన మచ్చ, అన్నీ ఉన్నదున్నట్టు రాసినావు. ఆయన యాడుండాడో అదొక్కటి తెలీదా నీకు?"

ఆమె అరవలేదు, ఏడవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

నాలుగో భాగం వచ్చినాక ఆసామి చేనుకు కూలికి పోయేదానికి జనం ఒప్పుకోలేదు. రెండోరోజు ఆసామే మా ఇంటికి వచ్చినాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏమప్పా, నా బావిలో పీనుగు ఉండాదని రాసినావంట?"

"నేను ఎవరి పేరూ పెట్టలేదయ్యా."

"మెట్లు కూలిపోయిన బావి, పక్కన రేగుచెట్టు. ఈ ఊళ్లో అట్లాటివి ఎన్నుండాయి? పేరొక్కటి పెట్టకపోతే చాలా? రేపు మన్ను తీపిస్తాండా. నువ్వు ఆడ ఉండాల. ఏమీ లేకపోతే అందరి ముందరా అబద్ధమని నీ నోటితో చెప్పాల."

"అట్లే చెప్తా."

"ఉంటే?" అని అడిగి, తనే ఆగిపోయినాడు. కొంచెంసేపు ఎర్రడబ్బా దిక్కు చూసి వెళ్లిపోయినాడు.

రాసినదంతా నా ఊహేనని నాకు తెలుసు. అయినా ఎక్కడో ఒక పురుగు తొలుస్తావుంది. ఆ బావినే ఎందుకు ఎంచుకున్నాను? ఎప్పుడో ఎవరి నోటనో ఏదన్నా విని మర్చిపోయినానా? ఊహ అనుకున్నది ఊహ కాకపోతే?

మర్నాడు ఊరంతా బావి దగ్గరే ఉంది. ముందు లాంతరు వెలిగించి తాడుకు కట్టి దించినారు. అడుగున గాలి చెడ్డదైతే దీపం ఆరిపోతుంది. దీపం చిన్నదయింది గానీ ఆరలేదు. ఇద్దరు మనుషులు నడుములకు తాళ్లు కట్టుకొని దిగినారు. గంపలు పైకి రావడం మొదలయింది. మన్ను, రాళ్లు, ఎండిపోయిన కంప. గోడనుంచి ఒక పెళ్ల విరిగి పడినప్పుడు లోపల కేక వినిపించింది. తాళ్లు పట్టుకున్నవాళ్లు వెనక్కి వాలి లాగిపట్టినారు. దుమ్ము పైదాకా లేచింది. లోపలివాళ్లు దగ్గినారు. ఆ దగ్గు విని అందరం ఊపిరి తీసుకున్నాం. వాళ్లు చచ్చిపోయి ఉంటే ఆ పాపం ఆసామిదా, నాదా? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నలభై గంపలు దాటినాక కిందనుంచి అరుపు వచ్చింది.

"ఎముక! ఎముకలుండాయి!"

గంప పైకి వస్తావుంది. గిలక కిర్రుమంటావుంది. నేను ఆసామి చేయి చూసినాను. కండువా అంచును పిడికిట్లో మెలి తిప్పతా, గంప దిక్కే చూస్తా ఉన్నాడు. అతనికీ నాకు మాదిరే తెలీదని అప్పుడు అర్థమయింది. తన బావిలో ఏముందో అతనికీ తెలీదు.

కళాయి మనిషి పెండ్లాం జనాన్ని తోసుకొని వచ్చింది. గంపముందు మోకాళ్ల మీద కూర్చొని మన్ను దులిపింది. పొడుగాటి ఎముక ఒకటి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి. మూడోసారి చేతికి దవడ వచ్చింది. దాన్ని ఇటూ అటూ తిప్పి, పండ్ల మీద బొటనవేలు పెట్టి చూసింది.

"గొర్రెది" అన్నది.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని అట్లే కూర్చున్నది. ఆమెకు వచ్చింది సంతోషమో, దిగులో నేను చెప్పలేను. అడుగుదాకా మన్ను తీసినారు. ఇంకేమీ లేదు. నేను ముందుకు పోయి, "ఇదంతా నేను అల్లిన కత. అబద్ధం. ఆసామి బావికీ దీనికీ సంబంధం లేదు" అని అందరికీ వినపడేటట్టు చెప్పినాను.

వెనకనుంచి ఎవరో, "మరి కడాకు ఏమయితాదన్నా కతలో?" అని అడిగినారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినారు.

ఐదో భాగం అప్పటికే మద్రాసులో ఉంది. మర్నాడు సైకిలు మీద గుంతకల్లు పోయి, చివరి భాగం వేయొద్దని టెలిగ్రాం ఇచ్చినాను. జవాబు రాలేదు. రెండు రోజులు సంచీ విప్పినప్పుడల్లా మద్రాసు కవరు కోసమే వెతికినాను. మూడో రోజు సంచీలో రెండు పత్రికలు వచ్చినాయి. ఒకటి రాసినవాడినని నాకు పంపేది, ఒకటి ఐవారిది. నాది విప్పినాను. ఒక్క అక్షరం మారలేదు. కతలో పెండ్లాం బావిలోకి దిగింది, ఎముకలు దొరికినాయి, "ఉండాను".

తలెత్తితే ఆమె వసారా అంచున నిలబడి ఉంది.

"వచ్చిందా అన్నా? చదువు."

ఆమెకు చదువు రాదు. చివరి మాట "లేను" అని మార్చి చదివితే చాలు, 'నేను ఈడనే లేను' అని ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. సాయంత్రం ఐవారు నిజం చదివేస్తాడు కాబట్టి, ఆయన ప్రతిని బల్లకింద పెట్టేస్తే? టపా దాచడం నేరమని నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఊళ్లో లేడు. అయినా నా చేయి ఆ రెండో పత్రిక మీదికి పోయింది. అంతదాకా వచ్చినాను.

"కూర్చోమ్మా" అన్నాను. ఆమె కూర్చున్నది. ఉన్నది ఉన్నట్టు చదివినాను. కతలో పెండ్లాం దిగడం చదివినాను. ఎముకలు చదివినాను. చివరి మాట దగ్గర ఆగినాను. నీళ్లు తాగి, ఆ మాట కూడా చదివినాను.

ఆమె నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

"మా ఆయన 'ఉండాను' అనడన్నా."

"అంటే?"

"'ఉండాన్లే' అంటాడు. ఏం మాట్లాడినా కడాకు 'లే' అనాల ఆయనకు. 'వస్తాన్లే.' 'తింటాన్లే.' పోయేనాడు గూడా 'రెండు దినాల్లో వచ్చేస్తాన్లే' అన్నాడు." ఆమె లేచి నిలబడింది. "నువ్వు ఆయన గొంతు వినలేదు. ఆయన చేతులు చూసినావు, అంతే. ఆ బావిలో ఉండేది వేరే మనిషి."

అంత బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టుంది ఆమె మొగం. నాకు మాత్రం కూర్చున్న చోటునుంచి లేవబుద్ధి కాలేదు. పోకముందు మూడేండ్లు ఆ మనిషి నా చెంబులకు కళాయి వేసినాడు, నా వసారాలో మంచినీళ్లు తాగినాడు. అతను ఎట్లా మాట్లాడతాడో నాకు గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు, రాసేటప్పుడు.

ఆ నెలాఖరుకు ఆసామి ఆ బావిని పూడ్పించినాడు. నాతో మాట్లాడడం మానేసినాడు. ఆమె పామిడిలో ఉన్న తమ్ముడి దగ్గరకు వెళ్లిపోయి కుట్టుపని పట్టుకున్నది. కళాయి మనిషి సంగతి ఎవరికీ తెలియలేదు.

రెండేండ్లకు ఆ నవలను పుస్తకంగా వేస్తామని ఒకరు అడిగినారు. పామిడికి కార్డు రాసినాను, వేసుకోనా అమ్మా అని. తమ్ముడి చేతిరాతతో జవాబు వచ్చింది. "వద్దన్నా. దాన్ని చదివి మళ్లీ ఎవురో ఒకరు బావి తవ్వుతారు." నేను వేయించలేదు. ఆ తర్వాత ఎవరి బతుకులోనుంచైనా ఒక ముక్క తీసుకోవాలంటే ముందు వాళ్లింటికి పోయి అడగడం అలవాటు చేసుకున్నాను. చాలామంది కుదరదన్నారు. అందుకే నేను రాసింది తక్కువ.