జీపెక్కిన సొరపాదు

సొరకాయ వల్ల పెళ్లి వాయిదా పడిన పెళ్లికొడుకు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా నేనొక్కడినే అని ఘంటాపథంగా చెప్పగలను. పోటీకి ఎవరైనా ఉంటే ముందుకు రావచ్చు. ఇన్నేళ్లలో ఎవరూ రాలేదు.

అప్పట్లో నాకో జబ్బుండేది. పాడుబడినది ఏది కనబడినా బండి ఆపి, ఫొటో తీసి, దాని కింద కాస్త వేదాంతం రాసి ఫోన్‌లో స్టేటస్‌గా పెట్టేవాడిని. తెర ఉండాల్సిన చోట రావిమొక్క మొలిచిన సినిమా హాలు, వంటింట్లో పుట్ట లేచిన క్వార్టర్లు, ఇవన్నీ నా ఆస్తులే. మనిషి ఓడాడు, ప్రకృతి గెలిచింది అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అదే మా ఇంటి గోడ చెమ్మెక్కితే మాత్రం మేస్త్రీని తిట్టేవాడిని.

అలాంటి మేధావికి చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లో రూతు అనే అమ్మాయితో సంబంధం కుదిరింది. కుదిరిందంటే, వాళ్ల నానమ్మ తప్ప అందరూ ఒప్పుకున్నారు. తల్లి లేని రూతును పెంచింది ఆవిడే. అవ్వ సరేనంటేనే పెళ్లి అని రూతు ముందే చెప్పేసింది. రూతంటే నాకు ప్రాణం. అందుకని ఒక ఆదివారం చర్చి అయ్యాక, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖమ్మం పక్కన మా ఖానాపురం హవేలి నుంచి బండి మీద ఒక్కడినే అవ్వను మెప్పించడానికి బయలుదేరాను.

ఆవిడ కోసం కొన్న పండ్ల సంచి దారిలో టీ కొట్టు బల్ల మీద మరిచిపోయానని ఊరి పొలిమేరలో గుర్తొచ్చింది. సరిగ్గా అక్కడే జీపు కనబడింది.

ఏం జీపండీ అది. టైర్లు నేలలోకి దిగిపోయాయి. సీట్లలోంచి గడ్డి మొలిచింది. బానెట్ నుంచి టాపు దాకా సొరతీగ కప్పేసి, తెల్లటి పూలు పూసి ఉంది. స్టీరింగు పక్కన ఒక పెద్ద సొరకాయ డ్రైవరులా వేలాడుతోంది. నా కళ్లు చెమర్చాయి. నంబరు ప్లేటు కూడా కనబడితే ఫొటోకు అందం వస్తుందని, అడ్డొచ్చిన తీగను పట్టి లాగాను. అది వేళ్లతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. ప్రకృతికి తీగలేం తక్కువ అనుకున్నాను. కాయ తొడిమకు ఒక గుడ్డపేలిక చుట్టి ఉంది. గాలికి ఎగిరొచ్చి చుట్టుకుందనుకున్నాను. గాలి రెండు ముళ్లు వేయగలదా అని ఇప్పుడు మీకొచ్చిన అనుమానం అప్పుడు నాకు రాలేదు. ఫొటో తీసి, వేదాంతం రాసి పెట్టేశాక, ఉత్త చేతులతో వెళ్లడం బాగుండదని ఆ కాయను కోసుకున్నాను. పట్టుకోవడానికి పేలిక వీలుగా ఉంది.

చెట్ల వెనకే అవ్వ ఇల్లు. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, పక్కన రూతు నిలబడి ఉంది. నేను వినయంగా రెండు చేతులతో కాయను అందించాను. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"యాడిది బాబు ఇది?"

"ఖమ్మం మార్కెట్ల తెచ్చినవ్వా. మీకోసమని ఏరి ఏరి తెచ్చిన."

"ఈ పేలిక సుత ఆళ్లే కట్టిన్రా?"

అక్కడ ఆగి ఉంటే సగం పరువైనా దక్కేది. కానీ నేను ఆగే రకం కాదు.

"అవ్ అవ్వా. కవర్లు బంద్ జేసిన్రు గదా. ఇప్పుడు అందరికి గిట్లనే కట్టిస్తున్నరు."

"నా పాత చీర ఖమ్మం దాక ఎప్పుడు పోయిందో మరి," అంది అవ్వ.

అప్పుడే రూతు ఫోన్‌లో నా తాజా వేదాంతం దిగింది. ఎప్పుడూ దొరకని సిగ్నల్ ఆ రోజే ఎందుకు దొరకాలో దేవుడికే తెలియాలి. రూతు ఫొటోను చూసింది, నన్ను చూసింది, తర్వాత అవ్వకు చదివి వినిపించింది. మనిషి వదిలేసిన జీపును ప్రకృతి తన ఒడిలోకి తీసుకుందట.

"ఎవరు వదిలేసిన్రు?" అంది అవ్వ. "మా ముసలాయన నడిపిన జీపది. గుంజలు పాతితే చెదలు తింటున్నయని దాని మీదికి పాకిచ్చిన. దినాం బిందెతోని నీళ్లు మోసింది నేను. ప్రకృతి ఒక్కనాడన్న మోసిందా?"

ప్రకృతి తరఫున నేనే క్షమాపణ చెప్పుకున్నాను. ఆ పేలిక విత్తనపు కాయకు గుర్తట, ఎవరూ పొరపాటున కోయకుండా. అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకుని, ఏటేటా కాపాడుకుంటున్న విత్తనం అది. కాయ ఇంకా ముదరలేదు కాబట్టి లోపలి గింజ పనికిరాదు. పాదేమో నా కళాపోషణకు బలైపోయింది. రూతు నా వైపు చూడనే లేదు. ఈసారి నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అవ్వ మాత్రం నిదానంగా అంది. "సొరకాయ కోతలు కోసేటోళ్లను మస్తు మందిని చూసిన బాబు. కాయను కోసుకొచ్చి మరీ కోతలు కోసినోన్ని నిన్నే చూసిన."

రూతు ఫక్కున నవ్వింది. ఆ నవ్వే నన్ను బతికించింది. అవ్వ లోపలికి వెళ్లి, అటక మీద మిగిలి ఉన్న పోయినేటి గింజలు నాలుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. జీపు పక్కనే నాటమంది.

"కాయ ఎండి, లోపల గింజ గలగలమన్ననాడు పెండ్లి మాట్లాడుదాం."

ఇక ప్రతి ఆదివారం వెళ్లి బిందె మోశాను. పెళ్లెప్పుడని ఎవరైనా అడిగితే, పాదు ఇంకా పూత మీదుందని మా అమ్మ చెప్పేది. చర్చిలో ప్రార్థన మనవుల్లో జబ్బు మనుషుల పేర్ల పక్కన సొరపాదును కూడా చేర్పించింది. మొదటి పిందె రాలిన వారం మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. చివరికి ఒక కాయ నిలిచింది. దానికి పేలిక నేనే కట్టాను, ఆ ఇస్త్రీ చొక్కానే చింపి. అది ఎండాక అవ్వ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. మా పెళ్లి బ్యాండు కూడా నాకంత కమ్మగా వినిపించలేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా, బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. పాడుబడినట్టు ఏది కనబడినా ముందు ఎవరిదమ్మా ఇది అని కేకేస్తాను. సొరకాయ మాత్రం ఈ జన్మలో కోయను, చేత్తో గానీ నోటితో గానీ. ఇంట్లో కాయ కోయాల్సి వస్తే రూతే కోస్తుంది. కోతలు కూడా ఇప్పుడు ఆవిడే కోస్తుంది. ఈ కథ చెప్పినప్పుడల్లా నేను జీపును కూడా పీకేశానంటుంది.