సమ్మక్క చీర పేలికలు

సమ్మక్క సంచి తెరిస్తే మందులకన్నా ముందు పాత చీర పేలికలు కనిపించేవి. ఎర్రవి, పచ్చవి, నీలివి, వేలెడు వెడల్పున చింపి ఉండ చుట్టి పెట్టుకునేది. భోపాల్‌పట్నం అవతల అడవి అంచున ఉన్న మూడు పారాలకి, అంటే గూడేలకి, ఆమె పద్నాలుగేళ్ళుగా మితానిన్, ఊరి ఆరోగ్య కార్యకర్త. అంటే జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా, పసిపిల్ల పాలు తాగకపోయినా ఆ జనానికి మొదట గుర్తొచ్చే మనిషి.

పిల్లలకి వేలు గుచ్చి పరీక్ష చేసేటప్పుడు ఒక పేలిక పిల్ల మణికట్టుకి కట్టి, దాని జతముక్కని రక్తపు చుక్క వేసిన కార్డు కింద పెట్టేది. పావుగంట ఆగితే గాని కార్డు మీద గీతలు తేలవు. ఒక గీత అయితే మామూలు జ్వరం, రెండయితే మలేరియా. అంతసేపు పిల్లలు కుదురుగా కూర్చుంటారా? అందుకే ఈ పేలికలు. ఇది ఏ శిక్షణలోనూ చెప్పిన సంగతి కాదు. ఇప్పపూలు ఏరే రోజుల్లో ఎవరి గంప ఏదో తెలియడానికి వాళ్ళమ్మ గంపకి చీర పేలిక కట్టేది. అది చూసి నేర్చుకుంది. పైనుంచి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, ఆమె చేతి మందు ఒక్కసారి కూడా ఒకరిది ఒకరికి పడలేదు. పోయిన వానాకాలం దాకా.

ఆ రోజు తెల్లారగానే ఒకామెకి నొప్పులు మొదలయ్యాయి. వాగు పొంగి అంబులెన్సు అవతలి గట్టునే ఆగిపోయింది. సమ్మక్క నలుగురి చేత మంచం మోయించి, వానకి ఆమె తడవకుండా మంచానికి గొడుగు కట్టి, తను నడుంలోతు నీళ్ళలో దిగి దాటించింది. గొడుగు కట్టడానికి పేలికలన్నీ అయిపోయాయి. తడిసిన కొంగు పిండుకుంటుండగానే ఫోను మోగింది. సూపర్‌వైజర్ సుమన్. ఇంటింటి సర్వే సాయంత్రానికల్లా ఫోనులో ఎక్కించాలట, ప్రతి ఇంటికీ ఫొటో కూడా పెట్టాలట. ఆయనకి హిందీలో సరేనని చెప్పి పారాకి వెళ్తే అక్కడ పదకొండు మంది పిల్లలు జ్వరంతో మూలుగుతున్నారు.

ఒక తల్లికి గోండిలో, ఇంకో తల్లికి దోర్లిలో, మరొకామెకి తెలుగులో జవాబు చెబుతూ సంచిలో చెయ్యి పెడితే పేలికలు లేవు. కొంగు చింపితే సరిపోయేది. ఆ మాటే తోచలేదు. పొద్దుట్నుంచి మెతుకు ముట్టని మనిషి, సగం బుర్ర వాగు దగ్గరా సగం ఫోను దగ్గరా ఉంటే ఎలా తోస్తుంది? పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, పుస్తకంలో అదే వరసలో పేర్లు రాసి, కార్డులూ అదే వరసలో పెట్టింది. ఈ ఒక్కరోజుకీ గుర్తుంటుందిలే అనుకుంది.

మళ్ళీ ఫోను. సిగ్నల్ సరిగా అందే దిబ్బ ఎక్కి మాట్లాడింది. ఎన్ని ఇళ్ళు అయ్యాయని ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగాడు సుమన్. ఈలోగా చినుకులు పడి పిల్లలు చూరు కిందికి జరిగారు. ఆమె తిరిగొచ్చేసరికి వాళ్ళు మళ్ళీ వరసగానే ఉన్నారు. మూడో కార్డు మీద రెండు గీతలున్నాయి. మూడో చోట కూర్చున్న లక్మే అనే పిల్లకి మలేరియా మందు వేసింది. తల్లుల్లో ఒకామె భీమే. ఆమె కూతురు నందే ఇప్పుడు ఐదోది. ఆ పిల్లకి ఉత్త జ్వరం మాత్ర ఇచ్చి, భయం లేదని భీమేకి చెప్పింది. ఆ ఇద్దరు పిల్లలూ పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్న చెయ్యి ఆమెదే. పుస్తకం ఒళ్ళోనే ఉంది. తెరిచి చూడలేదు.

నాలుగో రోజు నందేకి ఫిట్స్ వచ్చాయి. మంచం మీద మోసుకుపోతుంటే వాగు దాటకముందే పోయింది. ఆరేళ్ళ పిల్ల. ఆ చావుని ఫోనులో ఎక్కించడానికని సమ్మక్క పుస్తకం తీసింది. మూడో పేరు నందేది.

ఎవరూ ఏమీ అడగలేదు. సర్వే మాత్రం వేళకి అందిందని, శభాష్ అని సుమన్ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. చెప్పకపోతే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆ సంగతే ఆమెని తినేసింది. దినాలయ్యాక భీమే ఇంటికి వెళ్ళింది. భీమే చేటలో బియ్యం చెరుగుతోంది.

"భీమే, ఆ దినం నేను కొంగన్న చింపి కట్టలే. నీ పిల్లకు ఏసే మందు లక్మేకు ఏసిన. తప్పు నాదే."

చేట ఆగింది. భీమే దాన్ని పక్కన పెట్టింది. "నువ్వు జెప్పకుంటే నాకు తెలవకపోవు అక్కా. ఎందుకు జెప్పినవ్?" అని లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత దారిలో ఎదురైనా తల ఎత్తలేదు.

అప్పట్నుంచి సమ్మక్క ఒకే కార్డుని నాలుగుసార్లు చూసేది, అయినా నమ్మకం కుదిరేది కాదు. పని మానేస్తానని రెండుసార్లు కాగితం రాసి రెండుసార్లూ చింపేసింది. ఆమె మానేస్తే ఆ పారాలకి ఇంకో దిక్కు లేదు.

వరికోతలయ్యాక ఒక పొద్దున భీమే వచ్చి వాకిట్లో నిలబడింది. చంకలో రెండేళ్ళ చిన్న కూతురు, ఒళ్ళు కాలిపోతోంది. పిల్ల మణికట్టుకి అప్పటికే ఒక పేలిక కట్టి ఉంది. నందేని మోసుకుపోయిన రోజు భీమే ఒంటిమీదున్న చీర ముక్క అది. జతముక్క ఆమె గుప్పిట్లో ఉంది.

"ఇది కారటు కింద పెట్టు అక్కా," అంది. "నేను ఈడనే కూసుంట."

సమ్మక్క వేలు గుచ్చి, చుక్క వేసి, కార్డు కింద పేలిక పెట్టింది. సంచిలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. పావుగంటసేపూ ఇద్దరూ ఆ కార్డునే చూస్తూ కూర్చున్నారు. రెండు గీతలు తేలాయి. కార్డు కింది పేలికా, పిల్ల చేతి పేలికా పక్కపక్కన పెట్టి చూసుకుని, మందు నూరి పిల్ల నోట్లో పోసింది సమ్మక్క. అప్పుడామెకి ఏడుపు ఆగలేదు. భీమే ఏడవలేదు. మిగతా రెండు రోజుల మందు కొంగున ముడేసుకుని, పిల్ల చేతి పేలిక విప్పకుండానే ఇంటికి తీసుకుపోయింది.