అత్తమ్మ చెవి వెనక మచ్చ

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను ఒక డాక్టరు మీద కాపలా పెట్టింది. నాకప్పుడు పదేళ్లుంటాయి. ఆ డాక్టరు మా ఇంటిల్లిపాదికీ మందులిచ్చే మనిషే, చెడ్డవాడని ఎవరూ అనుకోలేదు. అయినా మా మేనత్త విషయంలో మాత్రం నాయనమ్మ ఆయన్ని నమ్మలేకపోయింది.

మా మేనత్త అంటే మా నాన్నకు చెల్లెలు. పుట్టుకతోనే ఆమె ఒంట్లో రంగు లేదు. జుట్టు, కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు అన్నీ ఎండిన జొన్నాకులా ఉండేవి. వెలుతురులో కళ్లు సగం మూసుకుని చూసేది. ఊళ్లో కొందరు ఆమెను దొరసాని అని పిలిచేవాళ్లు. అది మర్యాదతో పిలిచే పిలుపు కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమెకు పెళ్లి కాలేదు. మాతోనే ఉండేది.

మా ఊరు బీరంగూడకు కొంచెం అవతల. అప్పటికి ఆ చుట్టుపక్కల ఇప్పుడున్నన్ని ఫ్యాక్టరీలు లేవు. పెద్ద సర్కారు కార్ఖానా ఒకటి లేచి, దాని పక్కన ఉద్యోగులకు క్వార్టర్లు కట్టారు. నాన్నకు ఆ కార్ఖానాలోనే హెల్పరు పని దొరికింది. అత్తమ్మ పొద్దున్నే మా బావి కింద కోసిన పాలకూర, తోటకూర, కొత్తిమీర గంపకెత్తుకుని క్వార్టర్లకు పోయి, వాకిలి వాకిలికీ తిరిగి అమ్మేది. ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉండేది. ఆమె మెడ, చెంపలు, ముంజేతులు ఎర్రగా కమిలి పొట్టు లేచేవి. ఆమె ఒళ్లే అంత అనుకునేవాళ్లం. ఆమె కూడా అలాగే అనుకునేది.

ఆ ఏడు నాన్నకు టైఫాయిడ్ వచ్చింది. డాక్టర్ గారు పటాన్‌చెరు నుంచి సైకిలు మీద వచ్చి చూసి వెళ్తూ, వాకిట్లో కూర కట్టలు కడుతున్న అత్తమ్మ దగ్గర ఆగారు. ఆమె చెంప మీద గరుకుగా ఉన్న మచ్చ ఒకటి చూసి, ఎన్నాళ్లుగా ఉందని అడిగారు. ఆమెకు గుర్తు లేదు. తీరిక చూసుకుని ఒకసారి దవాఖానాకు రమ్మనీ, ఒళ్లంతా ఒకసారి చూడాలనీ చెప్పి వెళ్లిపోయారు.

ఆ మాట నాయనమ్మకు ముల్లులా గుచ్చుకుంది. "నొప్పి లేదు, జరం లేదు. మంచిగున్న మనిషిని దవాఖానాకు రమ్మనుడేంది? ఒళ్లంత జూసుడేంది?" అని ఆ రోజంతా సణుగుతూనే ఉంది.

ఆమె భయానికి కారణం ఉంది. అత్తమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు పక్క ఊళ్ల నుంచి జనం పనిగట్టుకుని చూడటానికి వచ్చేవాళ్లట. ఒకసారి జాతరలో ఆటలాడించే మనిషి ఒకడు వచ్చి, పిల్లను ఇస్తే డేరాలో కూర్చోబెట్టి జనానికి చూపించుకుంటానని అడిగాడట. అప్పటి నుంచి తన బిడ్డ మీద ఎవరి చూపు కాస్త ఎక్కువసేపు నిలిచినా నాయనమ్మకు అనుమానమే.

నాన్న జ్వరం తగ్గి లేచాక, డాక్టర్ సాబ్ చెప్పిండంటే పోవాల్సిందేనని పట్టుబట్టాడు. నాయనమ్మ ఒప్పుకుంది కాని, నన్ను తోడు పంపింది. "నువ్వు బయట కూసోకు. ఏం జేస్తడో, ఏం రాస్తడో అన్ని జూసి నాకొచ్చి చెప్పాలె" అంది. ఎవరి మాటా ఒక పట్టాన నమ్మని పిల్లనని నాకు ఇంట్లో పేరుండేది. అందుకే ఆ పని నాకు దక్కిందని గర్వపడ్డాను.

దవాఖానా లోపలి గదిలో కిటికీ పక్కన అత్తమ్మను స్టూలు మీద కూర్చోబెట్టారు. డాక్టర్ గారి భార్య పక్కనే నిలబడి ఉంది. నేను గోడకు ఆనుకుని కళ్లార్పకుండా చూశాను. ఆయన చేతిలో ఒక భూతద్దం ఉంది. నుదురు, ముక్కు పక్కలు, చెవులు, మెడ, వీపు, ముంజేతులు, వేళ్ల సందులు, చివరికి అరికాళ్లు కూడా దాంతో చూశారు. తొందరపడలేదు. సూది వేయలేదు, మందు రాయలేదు. కాని ఒక నోటుబుక్కు తీసి, అందులో మనిషి బొమ్మ గీశారు. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ఆ బొమ్మల మీద అక్కడక్కడ ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టారు. చేతులు నిండా ఉన్న రైక తొడుక్కోమనీ, గొడుగు పట్టుకోమనీ, మూడు నెలలకు మళ్లీ రమ్మనీ చెప్పారు.

ఆ బొమ్మ ఎందుకని నేను అడగలేదు. ఇంటికి పోయి నాయనమ్మకు చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. "బొమ్మ గీసి సుక్కలు పెట్టిండా? అది బాణామతి గాక ఇంకేంది?" అంది. మా వైపు ఆ రోజుల్లో బాణామతి గురించి, అంటే మనిషిని దూరం నుంచే చెడగొట్టే చేతబడి గురించి, ఆడవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. నాన్న ఎంత చెప్పినా ఆమె వినలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి నాన్నే తగ్గాడు. అత్తమ్మ మళ్లీ దవాఖానాకు పోలేదు. గొడుగు కూడా కొనలేదు. నేను మాత్రం ఆమెను కాపాడానని లోలోపల పొంగిపోయాను.

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. నాకు చెవిపోటు వస్తే నాన్న నన్ను అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నా చెవిలో చుక్కల మందు వేసి, మీ చెల్లె మళ్లీ రాలేదేమని నాన్నను అడిగారు. నాన్న తల దించుకున్నాడు. నేనే అన్నాను.

"మీరు అత్తమ్మ బొమ్మ గీసి సుక్కలు పెట్టిన్రు గద సార్. అందుకే రాలే."

నాన్న నా భుజం గట్టిగా నొక్కాడు. డాక్టర్ గారు కోప్పడలేదు, నవ్వనూ లేదు. అల్మారాలోంచి ఆ నోటుబుక్కు తీసి నా ముందు పెట్టారు.

"గీ సుక్క మీ అత్తమ్మ చెంప మీది మచ్చ. పక్కన రాసిన జూడు, పెసరగింజంత అని. మల్ల వచ్చినప్పుడు అది పెరిగిందా, కొత్తది లేచిందా నాకెట్ల తెలుస్తది? యాది పెట్టుకుందామంటే నాకు రోజుకు ఎంతమంది వస్తరు బిడ్డా."

ఇంకో ఎర్ర చుక్క మీద వేలు పెట్టి, "రంగు లేని తోలు ఎండకు ఊకె దెబ్బతింటది. అట్ల దెబ్బతిన్నకాడ ఒక్కోసారి రాచపుండు, క్యాన్సరంటరు సూడు, అది పుడ్తది. నొప్పి ఉండదు. అందుకే మంచిగున్నప్పుడే చూడాలె" అన్నారు. తర్వాత నా కళ్లలోకి చూసి, "మరి ఆ దినం నన్నే అడగకపోతివేంది?" అన్నారు.

 గదిలో అంతసేపు నిలబడ్డాను, అంతా చూశాను, ఒక్క మాట అడగలేదు.

ఆయన ఇంకో కాగితం తీసి ఆ బొమ్మలనూ చుక్కలనూ దాని మీదికి దించారు. దాన్నీ, తన భూతద్దాన్నీ నా చేతిలో పెట్టారు. "నా మీద అనుమానముంటే ఉండనీ, తప్పేం లేదు. ఆ మచ్చల మీద గూడ గంతే అనుమానం పెట్టు. కొత్తది కనబడ్డా, మానకుంట ఉన్నది కనబడ్డా నాకొచ్చి చెప్పు" అన్నారు.

ఆ ఆదివారం పశువుల కొట్టం వెనక నీడలో అత్తమ్మను కూర్చోబెట్టుకుని కాగితం ఒళ్లో పరచుకున్నాను. చక్కిలిగింతలు పెడుతున్నావని ఆమె నవ్వింది. ఒక్కొక్క చుక్కనూ వెతికాను. చెంప మీది మచ్చ పెసరగింజంతే ఉంది. ముంజేతి మీదివి అలాగే ఉన్నాయి. జుట్టు పైకెత్తి చూస్తే, ఎడమ చెవి వెనక జొన్నగింజంత బొడిపె కనిపించింది. నున్నగా మెరుస్తోంది. నడుమ ఎండిన నెత్తురు చుక్క. కాగితం మీద అక్కడ ఏమీ లేదు.

"దువ్వెన గీరింది బిడ్డా" అంది అత్తమ్మ.

దువ్వెన గీరితే నాలుగు రోజుల్లో మానాలి. రెండు వారాల తర్వాత చూసినా అది అలాగే ఉంది. నడుమ పొక్కు ఊడి మళ్లీ నెత్తురు కనిపించింది. ఈసారి అత్తమ్మ నవ్వలేదు. నా చేయి పట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు. పుండున్నదని తెలిస్తే క్వార్టర్లల్ల నా చేతి కూర ఎవరు కొంటరు? ఇగ నేను ఇంట్ల కూసొని మీ నాయిన మీద పడి తినాలె" అంది. 

రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. చెబితే అత్తమ్మ బతుకుతెరువు పోతుందేమో, చెప్పకపోతే ఆమే పోతుందేమో. మూడో రోజు బడి నుంచి వచ్చి, బియ్యం ఏరుతున్న నాయనమ్మ దగ్గర కూర్చుని అన్నీ చెప్పేశాను. డాక్టర్ గారు ఆ బొమ్మ ఎందుకు గీశారో కూడా చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది. అత్తమ్మను పిలిచి, జుట్టు తనే పైకెత్తి, భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

"గిది నా బిడ్డ ఒంటి మీద లేకుండె" అని మాత్రం అంది.

తెల్లవారి మాతోపాటు నాయనమ్మ కూడా పటాన్‌చెరు వచ్చింది. దవాఖానా గుమ్మం ఆమె తొక్కడం అదే మొదటిసారి. డాక్టర్ గారు చూడటం పూర్తయ్యేదాకా ఆగి, నేరుగా అడిగింది.

"మేము మల్ల రాకపోవట్టే గిట్లయ్యిందా సాబ్?"

ఆయన దాచలేదు. "వచ్చుంటే ఇంకా చిన్నగున్నప్పుడే దొరుకుతుండె పెద్దమ్మా. ఇప్పుడు గూడ ఆలస్యం కాలే. మీ పిల్ల మంచిగనే పట్టింది" అన్నారు.

ఆ మాటకు నాయనమ్మ నా తల మీద చేయి వేసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ ఆలస్యం నా వల్లనే జరిగిందని నాకు తెలుసు.

డాక్టర్ గారు చీటీ రాసిస్తే నాన్న అత్తమ్మను పట్నంలోని పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. చెవి అంచుతో సహా ఆ బొడిపెను కోసి తీశారు. పరీక్షలో అది క్యాన్సరేనని తేలింది, కాని ఒంట్లోకి పాకలేదన్నారు. ఆమె భయపడ్డట్టే క్వార్టర్లలో కొన్ని ఇళ్లవాళ్లు కూర కొనడం మానేశారు. ఒక టీచరమ్మ మాత్రం తన వరండాలో గంప దించుకోమంది. అప్పటి నుంచి అత్తమ్మ ఎండలో తిరగకుండా ఆ నీడలోనే కూర్చుని అమ్మింది. ఆ తర్వాత ఆమె మరో ముప్పై ఏళ్లకు పైగా బతికింది. మధ్యలో మరో రెండు మచ్చలు దొరికాయి, రెండూ చిన్నగా ఉన్నప్పుడే తీయించాం. మూణ్ణెల్లకోసారి చూపించుకోవడానికి పోయినప్పుడల్లా నాయనమ్మ కూడా లోపలికి వచ్చి, ఒక్కో చుక్కా ఏమిటని డాక్టర్ గారిని అడిగేది. ఆయన ఓపిగ్గా చెప్పేవారు.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. నా స్వభావం పెద్దగా మారలేదు, మనుషుల మీద నాకు నమ్మకం తొందరగా కుదరదు. అయితే ఎవరి మీదైనా అనుమానం కలిగితే ఆ సంగతి ఇంకొకరికి చేరవేయను. ముందు ఆ మనిషి దగ్గరికే వెళ్లి, ఇది ఎందుకు చేశారని అడుగుతాను. కొన్నిసార్లు నా అనుమానమే నిజమైంది. కొన్నిసార్లు సిగ్గుపడి తిరిగి వచ్చాను. అలా అడగటానికి కావలసిన ధైర్యం మాత్రం ఇన్నేళ్లలో అలవాటు కాలేదు. ప్రతిసారీ కొత్తగా కూడగట్టుకుంటూనే ఉన్నాను.