రాతిగోడ ఊపిరి తెలిసిన మేస్త్రీ

యేసురత్నం మేస్త్రీ గారు ఇక లేరన్న వార్త పొద్దున్నే కాఫీ తాగుతూండగా ఫోనులో అందింది. ఫోను చేసింది ఆయన కుమార్తె సువర్ణ గారు, కొత్తపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయిని. "ఇంజనీరు గారండీ, తెల్లారగట్ల నాన్నగారు వెళ్ళిపోయేరండీ. నిద్దట్లోనేనండీ" అన్నారు. వినగానే నిశ్చేష్టుణ్ణయ్యానని రాయడం ఇటువంటి వ్యాసాలలో ఆనవాయితీ. నాకు మాత్రం దుఃఖం కంటే ముందు నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. వారం క్రితమే ఆ మహానుభావుడు మంచం మీద పడుకుని నాకొక పని అప్పగించారు. ఇవాళ, రేపు అంటూ నేను దాన్ని వాయిదా వేస్తూ కూర్చున్నాను.

ఆ పనేమిటో చెప్పేముందు ఆయనెవరో చెప్పాలి. మా ప్రాంతానికి గోదావరి జలాలను పంచిపెట్టేది దొరల కాలంలో కాలువకు అడ్డంగా కట్టిన ఒక రాతి ఆనకట్ట. అది నీటి మట్టాన్ని నిలబెట్టి, మూడు పాయలుగా చీల్చి, దిగువ ఊళ్ళ వరిచేలకూ కొబ్బరితోటలకూ మంచినీళ్ళ చెరువులకూ అందిస్తుంది. పక్కనున్న వంతెన మీద బస్సులో వెళ్ళేవాళ్ళకు అది నాచు పట్టిన పాత గోడలా కనబడుతుంది. వాళ్ళు ఇంటికి వెళ్ళి తాగే మంచినీళ్ళు దాని చలవే. ఆ గోడను కన్నబిడ్డలా కనిపెట్టుకున్న తాపీ మేస్త్రీ యేసురత్నం గారు. ఆయన తాతగారు పరుల పొలాల్లో పాలేరు, తండ్రి సున్నం గానుగ దగ్గర కూలి. ఈయన మాత్రం, నా అనుభవంలో, రాతికట్టడపు విద్యలో నిష్ణాతుడు. ఆ విద్య నాకు కళాశాలలో అబ్బలేదు, ఆయన దగ్గర అబ్బింది.

ఏటా వేసవిలో నీళ్ళు ఆపి కాలువలు కట్టేసిన రోజుల్లోనే ఆ గోడ ఒళ్ళు బయటపడుతుంది. మరమ్మతులన్నీ ఆ కొద్ది వారాల్లోనే ముగించాలి. మొదటిరోజు ఆయన చెప్పులు విడిచి గోడ మీదకు ఎక్కేవారు. నేను ఉద్యోగంలో కొత్తగా చేరినవాణ్ణి, నోటి దురుసు ఎక్కువ. "ఏం మేస్త్రీ, ప్రార్థన మందిరం అనుకున్నావా?" అని వేళాకోళమాడాను. "ఆయ్, అదేం లేదండీ. నాచు మీద జోళ్ళు జారతాయండీ" అన్నారాయన. భక్తిని వెతకబోయిన నాకు జవాబు అంతే దక్కింది.

సున్నం విషయంలో మాత్రం ఆయన పరమ నిష్ఠాగరిష్ఠుడు. పాత రాళ్ళ సందుల్లో సిమెంటు పెట్టనిచ్చేవారు కాదు. సున్నమూ ఇసుకా గానుగలో ఆడించి, చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, మెత్తన చాలకపోతే మళ్ళీ ఆడించమనేవారు. కూలీలు విసుక్కునేవారు. నేను గడియారం చూసుకునేవాణ్ణి. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా గానుగ పక్కనే కూర్చునేవారు. "గోడ గెలవకూడదండీ, నీళ్ళూ గెలవకూడదండీ. రెండూ రాజీపడి ఉండాలండీ. సిమెంటుకి రాజీ తెలవదండీ" అనేవారు. నా ఉద్యోగజీవితంలో నేను విన్న సాంకేతిక ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ మూడు వాక్యాలకు సాటి రావు.

ఇక నా అపరాధం. ఆనకట్ట పక్కన, కట్ట మట్టి జారకుండా ఆపే గోడను మేము రెక్కగోడ అంటాం. నా మొదటి వేసవిలో ఆ రెక్కగోడకు, కాలువ నిండినా మునగని అడుగుమెట్టు నుంచి భుజమెత్తున, ఒక కన్నం కనబడింది. కాలువ ఎండినా అందులోంచి సన్నగా నీరు కారుతోంది. కొత్త ఇంజనీరుకు కారుతున్న గోడ కనబడితే ఇంకేముంది! వెంటనే సిమెంటుతో పూడ్చమని ఆజ్ఞాపించాను.

"అది చిల్లు కాదండీ బాబూ, గోడకి ముక్కండీ. కట్టినోళ్ళే ఉంచేరండీ. వెనకాల మట్టిలో దిగిన నీరు అందులోంచే పోవాలండీ. మూసేస్తే ఊపిరాడక గోడ ఉబ్బుతుందండీ" అన్నారు మేస్త్రీ గారు.

"నాకు పాఠాలు చెప్పకు. చెప్పింది చెయ్యి" అన్నాను. ఆ రోజుల్లో ఆయన్ను నువ్వు అనేవాణ్ణి. వయసులో నాకు తండ్రిలాంటివాడు. ఆయన ఒక్క క్షణం గోడవంక చూసి, "ఆయ్, అలాగేనండీ" అన్నారు. సాయంత్రానికి కన్నం మూసుకుంది. పైపూత నున్నగా ఉంది. చూసి మెచ్చుకున్నాను కూడా.

శ్రావణంలో కాలువ నిండుగా పారుతోంది. దిగువన నాట్లు అప్పుడే పూర్తయ్యాయి. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. నాలుగోనాడు మధ్యాహ్నం లస్కరు పరుగున వచ్చాడు. కాలువ కాపలా చూసే మనిషి, అంత తేలిగ్గా బెదిరేవాడు కాదు. "గోడ పొట్ట ఉబ్బిందండీ!" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే రెక్కగోడ ముందుకు వంగి ఉంది, పైన కట్ట మీద మూరెడు పొడవున చీలిక. రైతులు ఇసుక బస్తాలతో మూగారు. గోడ కూలితే కట్ట తెగుతుంది. కాలువ కట్టేస్తే ఊళ్ళు మునగవు గాని, గోడ బాగుచేసేదాకా వారాల తరబడి నీరందక దిగువ ఊళ్ళ నాట్లు ఎండిపోతాయి. కాలువ కట్టెయ్యమని చెప్పబోతున్నాను.

"కట్టొద్దండీ! ఒక్క ఐదు నిమిషాలు ఆగండీ" అంటూ జనంలోంచి మేస్త్రీ గారు వచ్చారు. చేతిలో గునపం. వాలిన గోడ కింది మెట్టు మీదికి, ఎవరూ అడుగు పెట్టని చోటికి నడిచి, సరిగ్గా పాత కన్నం ఉన్నచోట ఒక్క పోటు పొడిచారు. అరంగుళం సిమెంటు పెచ్చు ఊడిపడింది. దాని వెనకాల సిమెంటు లేదు. బంకమట్టీ, ఉండలు చుట్టిన కొబ్బరి పీచూ! రెండో పోటుకు పీచు ఉండలు ఊడివచ్చి, వెనకే బురదనీరు ఉరికింది. ఆయన తలనుంచి కాళ్ళదాకా బురద. గంటసేపు ధారగా పారి, పొద్దుగూకేసరికి నీరు తేటపడింది. గోడ మరి కదలలేదు. దిగువన ఒక్క మడీ ఎండలేదు.

అందరూ వెళ్ళాక ఆయన్ను అడిగాను. "పీచుతో ఎందుకు మూశారు మేస్త్రీ గారూ?" ఆయన్ను మొదటిసారి మీరు అన్నది అప్పుడే.

"తవఁరు మూయమన్నారండీ, మూసేనండీ. ఎప్పటికైనా తియ్యాల్సొస్తదని తీసుకోడానికి వీలుగా మూసేనండీ" అన్నారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే బాగుండేది, నా మనసు కొంత తేలికపడేది.

పై అధికారులకు పంపిన నివేదికలో, సమయస్ఫూర్తితో ప్రమాదాన్ని నివారించామని రాశాను. కన్నం మూయించింది నేనేనని రాయలేదు. ప్రశంసాపత్రం నా పేరున వచ్చింది. ఇన్నేళ్ళూ మా ముందుగదిలో అద్దం కట్టి ఉంది. మేస్త్రీ గారు మా ఇంటికి వచ్చినప్పుడల్లా దానికి ఎదురుగానే కూర్చుని టీ తాగేవారు. ఏనాడూ దానివంక తలెత్తి చూడలేదు.

ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో కూర్చున్న నాకు, పోవడానికి వారం ముందు ఆయన అప్పగించిన పని ఇదీ. "ఈ యేడు గోడంతా సిమెంటు పూత పూస్తున్నారంటండీ. మన ముక్కు సంగతి తవఁరు వెళ్ళి చెప్పాలండీ. నేను చెబితే ముసలాడి చాదస్తం అంటారండీ. తవఁరు చెబితే ఇంజనీరు మాటండీ." తప్పక చెబుతానన్నాను. కానీ చెప్పాలంటే, మూస్తే ఏమవుతుందో నాకెలా తెలుసో కూడా చెప్పాలి. అక్కడే నా కాళ్ళు ఆగిపోయాయి. ఆయన మాత్రం ఆగలేదు, వెళ్ళిపోయారు.

సమాధుల తోటలో పాస్టరు గారి ప్రార్థన ముగిశాక సువర్ణ గారు నా దగ్గరకు వచ్చారు. "నాన్నగారు ఎప్పుడూ చెప్పేవారండీ, ఆ వానల్లో గోడ నిలబెట్టింది మా ఇంజనీరు గారేనని. మీరంటే ఆయనకి ఎంతో గౌరవమండీ" అన్నారు. ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. "అమ్మా, నాతో ఆనకట్ట దాకా ఒక్కసారి రాగలవా?" అని అడిగాను. ఎందుకని అడగకుండా, చేతికంటిన మట్టితోనే వచ్చారు.

అక్కడ పూతపని రెక్కగోడ దాకా వచ్చేసింది. పని చూస్తున్నది ఒక యువ ఇంజనీరు అమ్మాయి. కన్నం చూపించి, మూయవద్దని చెప్పాను. "అది లీకేజీ కదండీ. మూస్తే నష్టమని ఎలా చెప్తున్నారండీ?" అంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. కూలీలందరూ వింటూండగా, సువర్ణ గారు పక్కన నిలబడి ఉండగా, ఆదినుంచీ జరిగినదంతా చెప్పాను. కన్నం మూయించింది నేనని, గోడను నిలబెట్టింది యేసురత్నం మేస్త్రీ గారని చెప్పాను. కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివి, సుద్దముక్కతో కన్నం చుట్టూ గీత గీసి, ఆ గీతలోపల ఎవరూ తాపీ పెట్టకూడదని కూలీలకు చెప్పింది.

సువర్ణ గారు కన్నం దగ్గరకు వెళ్ళి, దాని అంచును చేత్తో తడిమి చూశారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను, వచ్చినా తప్పులేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, "అయితే ఇన్నేళ్ళూ నాన్నగారు మాకూ పీచుతోనే మూసి పెట్టేరన్నమాటండీ. మీరే ఎప్పుడో తీస్తారని" అన్నారు.

ఇటువంటి పనివారు మళ్ళీ పుట్టరని రాయబోయి ఆగాను. పుడతారు. ఆ సుద్దగీత గీసిన అమ్మాయిని చూశాక నాకా నమ్మకం కలిగింది. కానీ తన ప్రతిభను అరంగుళం సిమెంటు వెనక దాచి, పరుల పరువు కాపాడిన యేసురత్నం గారి లోటు మాత్రం పూడేది కాదు. ఆ పుణ్యమూర్తికి ఈ అక్షరాలే నా అంజలి. ప్రశంసాపత్రం గోడమీంచి తీసేశాను. అక్కడ ఆయన ఫోటో పెట్టమని సువర్ణ గారే ఒకటి తెచ్చి ఇచ్చారు.

మొన్న కాలువకు నీళ్ళు వదిలారు. నేనూ వెళ్ళాను. చుట్టూతా కొత్త పూత, మధ్యలో పాత కన్నం, అందులోంచి వేలెడు ధార, తేటగా. చెప్పులు విడిచి అక్కడే కొంతసేపు నిలబడ్డాను. జారుతాయని కాదు.