ఎదురింటి మీనాకుమారి ట్యూషన్

మీనాకుమారి గురించి చెప్పమంటున్నారు కదా, చెప్తాను. ఏటి, నాకు కుళ్ళనుకుంటున్నారా? కుళ్ళే. దాచుకోడం నాకు చేతకాదు.

ఈ బెంగాల్ రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలో, మా వరండాలో ఇరవయ్యారేళ్ళుగా ట్యూషన్ చెప్తున్నాను. రాధారాణి టీచరంటే మా వీధి బెంగాలీ వాళ్ళక్కూడా తెలుసు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నా దగ్గర ప్రశ్నా నేనే చెప్తాను, జవాబూ నేనే చెప్తాను. పిల్లలు రాసుకుని, బట్టీ పట్టీసి పాసైపోతారు. అందులో తప్పేటుంది?

మూడేళ్ళ కిందట ఈవిడ సుభాష్‌పల్లి నుంచి మా ఎదురింట్లోకి అద్దెకొచ్చినాది. మొగుడికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో షిఫ్టు డ్యూటీ. పెళ్ళికి ముందు ఏదో లైబ్రరీలో తొమ్మిదేళ్ళు పుస్తకాల దుమ్ము దులిపినాదట. దులుపుతూ దులుపుతూ ఏ సంగతి ఏ బీరువాలో దొరుకుతాదో నేర్చీసుకున్నాదట. టీచరు ట్రైనింగూ లేదు, పాడూ లేదు. బోర్డైనా పెట్టలేదు. అయినా పిల్లలు ఎగబడిపోయినారు.

పోనీ ఏదైనా అడిగితే జవాబు చెప్తాదా మహాతల్లి? చెప్పదు. "ఇది ఎవరికి తెలుస్తాది? ఎక్కడ రాసుంటాది? ఇంకో చోట కూడా అలాగే ఉందా?" అని తిరిగి పిల్లల్నే అడుగుతాది. తెలీకే చెప్పడం లేదని నేను వీధంతా చెప్పుకొచ్చినాను. ఒక్కరూ నమ్మలేదు.

కిందటి వేసంగిలో మా వీధి కుళాయి నీళ్ళు కంపు కొట్టినాయి. నేనైతే 'నీటి కాలుష్యం, కారణాలు' అని పది పాయింట్లు రాయించినాను. ఆవిడేమో పిల్లల చేతికి కాయితాలిచ్చి ఇంటింటికీ తోలినాది. ఎవరింట్లో కంపుంది, ఎవరింట్లో లేదు, ఏ పూట వస్తున్నాది, అన్నీ రాసుకురమ్మని. మురిక్కాలవ పక్కనున్న ఏడిళ్ళల్లోనే కంపని రెండ్రోజుల్లో తేల్చీసినారు. ఆ కాయితం పట్టుకుని నీళ్ళ ఆఫీసుకెళ్తే, వాళ్ళొచ్చి తవ్వి, చిల్లు పడ్డ పైపు మార్చినారు. ఇంక వీధంతా మీనా దీదీ, మీనా దీదీ! ఆ ఏడిళ్ళల్లో మాదొకటి. ఆ మంచినీళ్ళు తాగుతున్నప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది.

ఆ నెల్లోనే నా దగ్గర పదకొండుమంది మానీసినారు. కిటికీలోంచి ఆవిడ గుమ్మం ముందు చెప్పులు చూడ్డం నాకు పనైపోయినాది.

నాకు మిగిలింది పూజ. పక్కింటి జోగమ్మ కూతురు. ఒకటో క్లాసు నుంచి నా చేతిలో పెరిగినాది. ఐటీఐ అయిపోయినా రోజూ వచ్చి చిన్నపిల్లలకి నోట్సు చెప్పి పెడతాది. వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాలని దాని ఆశ. వయసు నిండిపోతున్నాది, ఈ ఏడు తప్పితే మళ్ళీ ఫారం పెట్టడానికి లేదు.

ఫారాలకి నోటీసు పడినాది గానీ, మా రైల్వే ఇళ్ళల్లో నోటీసు చదివే అలవాటు లేదు. నాన్న చెప్పినాడు, మావయ్య చెప్పినాడు, అంతే. రైల్వే సంగతి మాకు తెలీకపోడమేటి? "నెలాఖరు దాకా టైముంటాదే, కంగారు పడకు" అనీసినాను నేనూ.

పద్దెనిమిదో తారీకున పూజ నసుగుతూ వచ్చినాది.

"టీచరుగారూ, మీనా దీదీ దగ్గర పిల్లలు నోటీసు చూసినారట. ఇరవయ్యే ఆఖరంట. ఓసారి మనం కూడా చూద్దామా?"

నా ఫోనులో తెరిస్తే రెండు నిమిషాల పని. కానీ ఆ పేరు వినగానే నాకు ఒళ్ళు భగ్గుమన్నాది.

"మా నాన్న ముప్పై నాలుగేళ్ళు చేసినాడే అక్కడ! నిన్నగాక మొన్నొచ్చినదాని మాట నమ్ముతావా, నా మాట నమ్ముతావా?"

"మీ మాటే" అన్నాది పూజ.

ఎంత సంతోషమేసిందో! ఆ పూట దానికి సేమ్యా పాయసం చేసి పెట్టినాను.

ఇరవై రెండున ఫారం నింపుదామని కూర్చుంటే సైటు మూసీసున్నాది. అప్పుడు తెరిచినాను నోటీసు. రెండో లైన్లోనే ఉన్నాది తారీకు.

జోగమ్మ నెత్తి కొట్టుకుంటూ వీధిలోకొచ్చినాది. "ఓలమ్మో! నా గుంట బతుకు బుగ్గయిపోనాది! నెలాకరని నీకు ఎవులే సెప్పినారు?"

పూజ నా వైపు చూడలేదు. "ఎవులూ సెప్పనేదమ్మా. నేనే సూసుకోనేదు."

గొడవ విని మీనాకుమారి గేటు దాటి వచ్చినాది. పూజ భుజమ్మీద చెయ్యేసి నిలబడ్డాది. నేను పెంచిన పిల్ల భుజమ్మీద!

జోగమ్మ నా వైపు తిరిగినాది. "టీసరమ్మా, నువ్వైనా దానికి ముందే సెప్పనేకపోనావా?"

మీనాకుమారి నన్నే చూస్తున్నాది. ఆ మనిషి ముందు నేను తప్పు ఒప్పుకోవాలా?

"చెప్పినాను జోగమ్మా" అన్నాను. "ఇరవయ్యే ఆఖరని చెప్పినాను. వింటే కదా!"

పూజ తలెత్తి నన్ను ఒక్కసారి చూసినాది.

"నిజమేనమ్మా, టీసరుగారు సెప్పినారు. నేనే ఇననేదు" అన్నాది.